మీ ఊరిని ఎవరూ తగలబెట్టలేదుగా

నేను పనిచేసేది ఒహాయోలో, పాత ఫోటోలు, స్లైడ్లు, వీడియో క్యాసెట్లు స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చే చిన్న షాపులో. హెచ్4 ఈఏడీ, అంటే మా ఆయన వీసా మీద ఇక్కడికొచ్చిన నాకు ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి, అది వచ్చాక దొరికిన పని. ఎంసీఏ చదివి దుమ్ము తుడవడమేంటే అని మా అమ్మ ఫోన్లో ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది, సరే అదలా ఉంచండి.

మొన్న ఒక పెద్దాయన కోడాక్రోమ్ స్లైడ్ల డబ్బా తెచ్చాడు, కోడాక్ వాడి పాత కలర్ ఫిలిం, ఒక్కో బొమ్మా చిన్న అట్ట చట్రంలో బిగించి ఉంటుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా ఆర్మీ 9వ ఇన్‌ఫాంట్రీ డివిజన్‌లో చేశాడట, మెకాంగ్ డెల్టాలో. ఒక స్లైడు లైట్‌బాక్స్ మీద పెట్టగానే అచ్చం మా ఊరే అని నోట్లోంచి వచ్చేసింది. మాది కోనసీమ లెండి. మోకాలి లోతు నీళ్ళలో వంగి నాట్లేస్తున్న ఆడవాళ్ళు, గట్టు మీద నారు కట్టలు, వెనకాల కాలవ, కొబ్బరిచెట్లు, ఆ శంకు టోపీలు తీసేస్తే అమలాపురం దాటాక ఎక్కడైనా కనపడేదే. ఆయన నవ్వుతాడనుకున్నా. "మీ ఊరిని ఎవరూ తగలబెట్టలేదుగా" అని కసిరి, డబ్బా కౌంటర్ మీద వదిలేసి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. తగలబెట్టింది మేమా? వరిచేను చూస్తే మా ఊరు గుర్తు రాకపోతే ఇంకేం గుర్తొస్తుంది నాకు?

ఇంటికెళ్ళి చదివితే, 1968 డిసెంబర్ నుంచి 1969 మే దాకా ఆ డివిజన్ అక్కడ స్పీడీ ఎక్స్‌ప్రెస్ అని ఒక ఆపరేషన్ చేసిందట, 10,899 మంది శత్రువుల్ని చంపామని లెక్క చెప్పారు, దొరికిన ఆయుధాలు మాత్రం 748. మరి మిగతావాళ్ళ చేతుల్లో ఏమున్నట్టు, నారు కట్టలా? అమెరికా సైనికులు ఊరి జనాన్ని ఊచకోత కోసిన మైలై అనే వియత్నాం పల్లె ఫోటోల సంగతి కూడా అప్పుడే చదివా. అవి తీసిన హేబర్లీ అనే ఆర్మీ ఫోటోగ్రాఫర్ ఇక్కడి క్లీవ్‌లాండ్ వాడేనట. ఆర్మీ కెమెరాతో తీసిన బ్లాక్ అండ్ వైట్ ఆర్మీకి ఇచ్చేసి, సొంత కెమెరాలోని కలర్ ఫిలిం తన దగ్గరే ఉంచుకున్నాడు, 1969 నవంబర్‌లో ఈ ఊరి పేపర్లోనే అచ్చయ్యాయి.

మా పెద్దాయన డబ్బాలో అలాంటివేం లేవు. చొక్కాల్లేకుండా ఇసుక బస్తాల మీద బీరు తాగుతున్న కుర్రాళ్ళు, బురదలో దిగబడ్డ బూట్లు, ఊళ్ళు, పిల్లలు. కోడాక్రోమ్‌కి స్కానర్‌లో ఆ ఆటోమేటిక్‌గా దుమ్ము పోగొట్టేది సరిగ్గా పనిచేయదు, బొమ్మనే పాడుచేస్తుంది, అందుకని జూమ్ చేసుకుని ఒక్కో మచ్చా చేత్తో తీయాలి, అంటే ఒక్కో మొహం దగ్గరా బోలెడంతసేపు కూర్చోవాలన్నమాట. ఆ నాట్ల ఫోటోలో కింద మూలన ఒక నీడ ఉంది, హెల్మెట్‌తో సహా. తీసినోడిదే. నీడకి దగ్గరగా ఉన్నావిడ తలెత్తి చూస్తోంది, చేతిలో నారు అలాగే ఉంది. మిగతావాళ్ళు అసలు తలే ఎత్తలేదు.

నన్ను ఇంకా గుచ్చుతున్నది వేరే. సైనికుల స్లైడ్లన్నిటికీ అట్ట మీద పెన్సిల్‌తో పేర్లున్నాయి, ఊరు కూడా రాశాడు కొందరికి. ఊళ్ళోవాళ్ళ స్లైడ్ల మీద ఏమీ లేదు, కోడాక్ వాడు కడిగిన నెలా సంవత్సరం ముద్ర తప్ప. మా తాతకైతే నాట్లకొచ్చే ప్రతి మనిషి పేరూ తెలుసు, వాళ్ళ మేనమామ పేరు కూడా తెలుసు. ఫోటో మాత్రం ఒక్కటీ లేదు మా ఇంట్లో, పెళ్ళిళ్ళవి తప్ప. తుపాకీ పట్టుకుని వెళ్ళినోణ్ణి పేర్లు అడగలేదేమని నిలదీయడం కూడా బాలేదు, ఆయనకప్పుడు ఇరవయ్యేళ్ళు ఉంటాయేమో, భాష రాదు, ఏడాది గడిస్తే ఇంటికి పోవచ్చు. అయినా నాకు కోపం పోవట్లేదు. ఇన్నేళ్ళు వాటిని పారేయకుండా, రంగు చెడకుండా చీకటి అల్మరాలో దాచినందుకు గౌరవమూ పోవట్లేదు.

ఇంకో డబ్బా ఉందట, తెస్తానని ఫోన్ చేశాడు. ఈసారి ఒకటి అడుగుతా, ఆ చేను కోతకొచ్చిందా అని. మళ్ళీ కసురుతాడేమో, కసరనీ.