కారవాన్ కొందామా వద్దా: మా ఇంట్లో లెక్క తేలిన తీరు

మా ఆయన ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. డబ్బులు చేతికొచ్చాక ఆయన అడిగింది ఒక్కటే, కారవాన్ కొనుక్కుందామని. లోపలే మంచాలు, చిన్న వంటగట్టు, టాయిలెట్, ఏసీ అన్నీ ఉండే వ్యాన్. నాకు వెంటనే వద్దనబుద్ధి కాలేదు. శివరాత్రికి శ్రీశైలం స్పెషల్స్, సంక్రాంతికి హైదరాబాద్ స్పెషల్స్, ఇలా ఏ పండక్కీ మనిషి ఇంట్లో ఉన్నది లేదు. అనంతపురం జనాన్నంతా పండగలకు చేర్చిన మనిషి, తన తల్లినీ మనవళ్లనీ ఎక్కించుకుని తీరిగ్గా బండి నడపాలనుకోవడంలో తప్పేముంది? కాకపోతే ఆ కోరిక ఖరీదు ఇరవై ఒక్క లక్షలు, మా దగ్గరున్న దాంట్లో సగానికి పైనే. అందుకే ముందు అన్నీ విచారించి, ఒకసారి అద్దెకు తీసుకుని ఉండి చూసి, కాగితం మీద లెక్క వేశాకే తేల్చుకుందామని ఇద్దరం అనుకున్నాం. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని అదంతా రాస్తున్నా.

ఇందులో నాకూ ఆశ లేకపోలేదు. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుంటే లేవలేరు, వెస్టర్న్ కమోడ్ తప్ప కుదరదు. కర్నూలులో మా అమ్మాయి దగ్గరికి పోవాలన్నా ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. బంకులో టాయిలెట్ ఉంటుంది, దానికి తాళం ఉంటుంది, తాళంచెవి ఉన్న పిల్లోడు అన్నానికి పోయి ఉంటాడు. తాళం తీసినా లోపల నీళ్లుండవు. ఆడవాళ్లందరికీ ఈ బాధ తెలుసు, మగవాళ్లకు చెప్పినా సగమే అర్థమవుతుంది. మనతోపాటే శుభ్రమైన టాయిలెట్ వస్తుందంటే ఆ ఒక్క మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది.

కొత్త ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్ కొని లోపలంతా కట్టించుకోవడం ఒక దారి, ఐదారేళ్లు తిరిగిన ట్రావెలర్ మీద కట్టించడం ఇంకో దారి. మొదటిది మా వల్ల కాదు. మహీంద్రా వాళ్లు 2022లో బొలెరో క్యాంపర్ మీద ఇలాంటి బళ్లు వస్తాయని ప్రకటించినప్పటి నుంచి మా ఆయనకు దాని మీద కూడా కన్నుంది గానీ, అంత ఎత్తు అత్తమ్మ ఎక్కలేరు. చివరికి బెంగళూరులో ఒక షెడ్డు వాళ్లు పాత ట్రావెలర్, రెండు మంచాలు, ఏసీ, సోలార్, క్యాసెట్ టాయిలెట్ (కింద డబ్బా ఉంటుంది, నిండాక బయటికి లాగి పారబోయాలి), కాగితాల ఖర్చు అన్నీ కలిపి ఇరవై ఒక్క లక్షలని చెప్పారు.

కాగితాల సంగతి గట్టిగా అడిగితే ఆ షెడ్డులో ఉన్నతను, మన తెలుగాయనే, "సీట్లు తీసి మంచాలేస్తే ఎవరడుగుతారక్కా, అందరూ అట్లనే తిప్పుతాండారు" అన్నాడు. అక్కడే నాకు భయం పట్టుకుంది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదని, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. కారవాన్‌లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణాలున్నాయి. సొంతానికి వాడే క్యాంపర్ వ్యాన్ అని ఆర్సీలో వేరే తరగతే ఉంది, అది బాడుగకు తిప్పే ట్రాన్స్‌పోర్ట్ బండి కిందికి రాదు. ట్రావెల్స్‌లో తిరిగిన పసుపు బోర్డు బండి ఆ తరగతిలోకి రావాలంటే పర్మిట్ సరెండర్ చేయాలి, కర్ణాటక నుంచి ఎన్ఓసీ తెచ్చుకోవాలి, మన దగ్గర లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ మార్పంతా ఆర్సీలోనూ ఇన్సూరెన్స్‌లోనూ ఎక్కాలి. ఎక్కకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లకు వంక దొరికినట్టే. లోపల అత్తమ్మా పిల్లలూ పడుకుని ఉండే బండి విషయంలో "ఎవరడుగుతారులే" అనే మాట నేను ఒప్పుకోలేదు, డ్రైవర్‌గా బతికిన మా ఆయన అసలే ఒప్పుకోలేదు. లైసెన్సుకు మాత్రం ఇబ్బంది లేదు. 7,500 కిలోల లోపు బండి కాబట్టి కారు లైసెన్సే చాలు, ఎప్పుడైనా మా అల్లుడు కూడా నడపొచ్చు.

తర్వాత అద్దె బండి. కావాలనే ఎండాకాలంలో తీసుకున్నాం, మనవళ్లకు బడి సెలవులుండేది అప్పుడే కాబట్టి. రోజుకు 14 వేలు, డీజిలూ టోలూ మనవే, డ్రైవర్ వాళ్ల మనిషే. సొంతంగా నడుపుకోవడానికి ఇవ్వం అన్నారు. ముప్ఫై ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి పక్క సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, గేరు మార్చాల్సిన చోటల్లా ఆయన ఎడమ చెయ్యి కదిలేది. అది చూశాక ఈ వ్యవహారంలో ఆయనకు ఏం కావాలో నాకు బాగా తెలిసింది.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర స్వామి దర్శనం చేసుకుని బెలుం పోయాం. బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా చూడనిస్తారు. ఆ మెట్లు అత్తమ్మ వల్ల కాదు కాబట్టి ఆమె వ్యాన్‌లోనే ఉన్నారు. మంచం ఉంది, ఏసీ ఉంది, హాయిగా పడుకుంటారు అనుకున్నాం. మేము పైకొచ్చేసరికి ఆమె బయట చెట్టు కింద కూర్చుని ఉన్నారు, ఇంజిన్ ఆపి బ్యాటరీ మీద ఏసీ నడిపితే చార్జింగ్ గంటన్నరకే సగం దాటి పోయిందని డ్రైవర్ ఆపేశాడంట, ఆపిన పది నిమిషాలకే లోపల కూర్చోలేకపోయారంట.

ఆ రాత్రి గండికోటలో అసలు సంగతి బయటపడింది. కోట గుమ్మం వంపులో అంత బండి ఎందుకని బయటే ఆపాం. రాత్రి పది దాటినా వ్యాన్ లోపలి గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగానే ఉంది, కింద బండలేమో పగలంతా తాగిన ఎండను అప్పుడు వదులుతున్నాయి. ఆ బండిలో 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ ఉంది, అంటే రెండున్నర యూనిట్ల కరెంటు. ఒక టన్ను ఏసీ అంత వేడిలో గంటకు ఇంచుమించు ఒక యూనిట్ లాగుతుంది. పైన 400 వాట్ల సోలార్ ఉంది, మన అనంతపురం, కడప ఎండకు రోజుకు ఐదు గంటల నిండు వెలుతురు అనుకున్నా రెండు యూనిట్లు, అందులోనూ కొంత నష్టం పోతుంది. రోజంతా ఎండలో కాగి సంపాదించిన కరెంటు రాత్రి రెండు గంటల ఏసీకి సరి! పన్నెండు కాకముందే ఇన్వర్టర్ కీచుమని మొత్తుకుంది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి పడుకోవడం నాకు ఇష్టం లేదు, ఆ పొగ ఎటు పోతుందో తెలియదు, పక్కన గుడారాల్లో పడుకున్నవాళ్లకు ఆ చప్పుడు. తలుపులు తీసి దోమలతోనే తెల్లారించాం.

తిరిగొచ్చాక మా ఆయన తన గ్యారేజీ స్నేహితుడితో కూర్చుని లెక్క వేశారు. రాత్రంతా ఏసీ నడవాలంటే ఏడెనిమిది యూనిట్ల బ్యాటరీ కావాలి, అంటే ఇప్పుడున్న దానికి మూడింతలు, ఆ ఖర్చు ఇరవై ఒక్క లక్షల మీద అదనం. చలిదేశాల కోసం పుట్టిన సామాను మన ఎండకు వాడుకోవాలంటే కరెంటు ప్లగ్గు దొరికే చోటే బండి ఆపాలి. కేరళలో 2021లోనే ప్రభుత్వం కారవాన్ టూరిజం అని మొదలుపెట్టి ఇలాంటి బళ్లు నిలుపుకునే పార్కుల ఏర్పాటు మీద దృష్టి పెట్టింది. మేము తిరిగిన దారిలో మాత్రం ప్లగ్గు, నీళ్లు, టాయిలెట్ పారబోసే వసతి మూడూ ఒకే చోట ఎక్కడా కనపడలేదు.

టాయిలెట్ సంగతి దాచకుండా చెప్తాను. అత్తమ్మ ఎవరినీ పిలవకుండా, తలుపేసుకుని, తన పని తాను చూసుకుని బయటికొచ్చి "కడుపు నిండా నీళ్లు తాగినానే తల్లీ ఈ పొద్దు" అన్నారు. ఆ మాటకు నేను ఎన్ని లక్షలైనా పెట్టొచ్చనుకున్నా ఆ నిమిషానికి. అయితే ఆ క్యాసెట్ ఇరవై లీటర్లు, ఇంతమందికి రెండు రోజులు కూడా రాదు. నిండాక దాన్ని లాగి, చక్రాల మీద నడిపించుకుంటూ పోయి ఎక్కడో ఒక సరైన కమోడ్‌లో పోయాలి. రోడ్డు పక్కన పారబోసే మనుషులం కాదు మేము. జమ్మలమడుగులో మా ఆయన పెదనాన్న కొడుకు ఇంటికి పోయి, భోజనానికి వచ్చినట్టే వచ్చి, వాళ్ల బాత్రూంలో పోసి కడుక్కున్నాం. అందరికీ ప్రతి ఊళ్లో చుట్టాలుండరు కదా.

ఇంకో ఆశ కూడా అప్పుడే పోయింది. నల్లమలలో చెట్ల మధ్య వ్యాన్ ఆపుకుని పడుకోవాలని మా ఆయనకు ఎప్పటి నుంచో. అది పులుల అభయారణ్యం, శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు మూసేస్తారు, అడవిలో బండి ఆపడానికి వీల్లేదు. ఆయనకు ఈ రూలు నాకంటే బాగా తెలుసు, అయినా సొంత బండి అనుకునేసరికి మనసు దాని చుట్టూనే తిరిగింది.

ఇక డబ్బు లెక్క. ఇరవై ఒక్క లక్షలు సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తే 8.2 శాతం మీద మూడు నెలలకోసారి 43,050 వస్తుంది, ఏడాదికి 1,72,200. బండి కొంటే మొదట పోయేది ఇదే, ఎవరూ చెప్పని ఖర్చు కూడా ఇదే. ఆరేళ్లు వాడి అమ్మితే పన్నెండు లక్షలొచ్చినా గొప్పే, కాబట్టి ఏడాదికి లక్షన్నర తరుగు. ఇన్సూరెన్స్ నలభై వేలు. సర్వీసు, టైర్లు, బ్యాటరీలు అన్నీ సర్దితే యాభై వేలు. టైర్లు తిరగకపోయినా ముసలివవుతాయి, ఐదారేళ్లకు మార్చాల్సిందే, నిలబడ్డ బండిలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి, ఇవన్నీ డిపోలో చూసిన మనిషి చెప్పిన మాటలు. మా వీధిలో ఇరవై అడుగుల బండి నిలిపితే పాల వ్యాన్ కూడా తిరగదు, కాబట్టి బైపాస్ దగ్గర స్థలం అద్దె నెలకు రెండు వేలు. మొత్తం ఏడాదికి 4,36,000 దాటింది. డీజిలూ టోలూ ఎట్లయినా పెట్టేవే కాబట్టి వాటిని రెండు వైపులా వదిలేశాం.

మరి ఎన్ని రోజులు తిరుగుతాం? దసరా, సంక్రాంతి, కార్తీకమాసంలో ఒక వారం, అహోబిలం, యాగంటి, ఒంటిమిట్ట, లేపాక్షి అన్నీ కలిపినా ఇరవై రోజులు మించవు, మార్చి నుంచి జూన్ దాకా ఈ వేడిలో ఎలాగూ పడుకోలేం. ఇరవై రోజులంటే రోజుకు 21 వేల పైమాటే పడుతోంది, అద్దె 14 వేలు. ఏడాదికి ముప్ఫై ఒకటో ముప్ఫై రెండో రోజులు దాటి తిరిగేవాళ్లకే సొంత బండి గిట్టుబాటు. ఇద్దరూ రిటైరై, పిల్లల బాధ్యతలు తీరి, చలికాలమంతా తిరిగేవాళ్లకు ఇది మంచి బేరమే, వాళ్లను నేను వద్దనను.

లెక్కలో పడని సంగతి ఇంకోటుంది, చుట్టాలు. బండి వచ్చిందని తెలిస్తే పెళ్లికొకరు, తిరుమలకొకరు అడుగుతారు. ఇవ్వకపోతే మాట వస్తుంది. ఇచ్చి డబ్బు తీసుకుంటే సొంత వాడకం బండిని బాడుగకు తిప్పినట్టు, ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు. మా మరిది అప్పుడే "నవంబర్‌లో మాకు ముహూర్తముంది వదినా" అన్నాడు, బండి ఇంకా కొననే లేదు!

రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. అద్దె చవక అని నా లెక్క చెప్తోంది నిజమే, కానీ అద్దె బండిలో ఆయన స్టీరింగ్ పట్టుకోలేరు, ఆయన అడిగిందే అది. అందుకే కారవాన్ ఒక్కటే ఇవ్వగలదనుకున్న వాటిని విడగొట్టి చూశాం. ఆయనకు నడపాలి. అత్తమ్మకు కమోడ్ కావాలి, మధ్యలో కాళ్లు చాపుకోవాలి. నాకు రాత్రి నడిచే ఏసీ, తలుపుకు గడియ. పిల్లలకు ఏదైనా సరే.

సెకండ్ హ్యాండ్ ఎర్టిగా ఏడు లక్షల్లో వచ్చింది, వెనక సీటు మడిస్తే సామానుకు చోటు. దాంట్లో పెట్టుకోవడానికి చిన్న పోర్టబుల్ టాయిలెట్ ఒకటి, పైన గొడుగులా విచ్చుకునే నిలువు గుడారం ఒకటి తెప్పించాం. రోడ్డు పక్కన చెట్టు చూసి బండి చాటున రెండు నిమిషాల్లో నిలబెట్టొచ్చు, అత్తమ్మకు చెయ్యి పట్టుకోవడానికి పక్కన మడత కుర్చీ వేస్తాం. రాత్రికి గండికోటలోనో శ్రీశైలంలోనో టూరిజం వాళ్ల హరిత హోటల్ గది. కారు కాబట్టి 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ కూడా తీసుకున్నాం, మొదలుపెట్టినప్పుడు దాని ధర మూడు వేలు, రెండు వందల ట్రిప్పుల దాకా, మా అమ్మాయి ఊరికి పోయేటప్పుడు కాసేపల్లి, అమకతాడు రెండు టోళ్లూ దాంట్లోనే అయిపోతాయి. మిగిలిన పద్నాలుగు లక్షలు స్కీములో వేశాం.

ఆయన లెక్క ఒప్పుకున్నారు, కోరిక మాత్రం వదల్లేదు. మనవళ్లు పెద్దయ్యి, దారిలో ప్లగ్గూ నీళ్లూ దొరికే చోట్లు నాలుగు వచ్చాక మళ్లీ చూద్దామన్నారు, సరేనన్నాను. ఈలోగా కార్తీకమాసంలో, చలి మొదలయ్యాక, అమ్మాయి అత్తగారింటి వాళ్లతో కలిసి అందరం అహోబిలం పోవడానికి ఎండాకాలంలో తీసుకున్న ఆ వ్యాన్‌నే మళ్లీ అద్దెకు మాట్లాడాం. ఆయన మాత్రం వెనకాల మన కారులో వస్తానన్నారు, నడుపుకుంటూ.