ఎండల ఊళ్ళో డి విటమిన్ తక్కువ: నా అనుభవం

రిపోర్టులో విటమిన్ డి 11 అని వచ్చేసరికి మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "అమ్ముకునేంత ఎండ ఉన్న ఊళ్ళో ఉండి నీకు ఎండ చాలకపోవడమేంటి?" అన్నారు మా ఆయన. ఆయనకేం, పొద్దస్తమానం రొయ్యల చెరువు గట్టు మీదే ఉంటారు. నేను నర్సాపురంలో లేసు అల్లికలు ఎగుమతి చేసేవాళ్ళ దగ్గర లెక్కలు రాస్తాను. తొమ్మిదిన్నరకి లోపలికి వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే బయటపడేది. నా కుర్చీ కిటికీ పక్కనే, ఎండ టేబుల్ మీద పడుతూనే ఉంటుంది. కానీ డి తయారయ్యేది అల్ట్రావయొలెట్ బి కిరణాల వల్ల, వాటిని గాజు లోపలికి రానివ్వదు.

నొప్పులు తొడల్లో మొదలయ్యాయి. పీట మీద నుంచి లేవాలంటే నేలకి చెయ్యి ఆనించాలి. మేడ మెట్లు సగం ఎక్కేసరికి తొడలు బరువెక్కి ఆగిపోయేదాన్ని. నలభై దాటాయి కదా, చూసినవాళ్ళందరూ వయసు మీదకి తోసేశారు. భీమవరంలో డాక్టరు గారు మాత్రం మోకాలి కింద, ముందు వైపు ఎముకని బొటనవేలితో గట్టిగా నొక్కారు. ప్రాణం పోయినట్టయింది. అప్పుడు రాశారు పరీక్షలు: థైరాయిడ్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, 25 హైడ్రాక్సీ విటమిన్ డి, అంటే ఒంట్లో డి ఎంతుందో చూసేది. ఈ చివరిదానికే వెయ్యి దాటింది. దీనికి పరగడుపున వెళ్ళక్కర్లేదు.

రిపోర్టు ఫోటో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న తమ్ముడికి పంపాను. "నాది 45 అక్కా, నీకన్నా నాలుగింతలు" అని వాడొకటే మురిసిపోయాడు. మంచు దేశంలో ఉన్నవాడికి 45, నాకు 11! నాకు ఒళ్ళు మండింది. తర్వాత చూస్తే వాడి కాగితంలో నానోమోల్స్, నా కాగితంలో నానోగ్రాములు. వాళ్ళ అంకెని రెండున్నరతో భాగిస్తే మన అంకె వస్తుంది. అంటే వాడిది 18. మామూలుగా 20 లోపు ఉంటే లోపం కిందే లెక్క. ఇద్దరం ఒకే పడవలో ఉన్నామని అప్పుడు తేలింది. కెనడా నుంచో లండన్ నుంచో రిపోర్టు వస్తే ముందు ఏ కొలతలో రాశారో చూడండి, లేకపోతే అనవసరపు టెన్షన్.

డాక్టరు గారు 60,000 యూనిట్ల సాచెట్ (పొడి పొట్లం) వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆ తర్వాత నెలకొకటి, రోజూ కాల్షియం మాత్ర రాశారు. డి కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి భోజనమయ్యాక చిక్కటి పాలలో కలిపి తాగమన్నారు. ఆ పొడి ఎంత తిప్పినా పూర్తిగా కరగదు, గ్లాసు అడుగున పేరుకుంటుంది. మళ్ళీ కాసిని పాలు పోసి కడిగి తాగాలి. ఆదివారం మాంసమో చేపో తిన్నాక తాగడం అలవాటు చేసుకున్నాను, మర్చిపోయే పని లేదు. తమ్ముడు రోజూ వేసుకునేది 1,000 యూనిట్ల మాత్ర. నా మోతాదు విని "అది ఏనుగు డోసు అక్కా" అన్నాడు. రోజుకి లెక్కేస్తే ఎనిమిదిన్నర వేలు, నిజమే. అందుకే దాన్ని వారానికొకటే, అదీ డాక్టరు చెప్పినన్నాళ్ళే వాడాలి. మా వీధిలో సూదులు వేసే ఆయనొకరు "ఆరు లక్షల ఇంజెక్షన్ ఒక్కటి పొడిపించుకో, పీడా పోతుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. డి మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది, వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీల్లో రాళ్ళు. ఎక్కువైన డి ఒంట్లో కొవ్వులో చేరి కూర్చుంటుంది, సి విటమిన్‌లా రేపటికి పోదు.

ఇక ఎండ సంగతి. పొద్దున్నే లేత ఎండలో నిలబడమని పక్కింటి పిన్ని దగ్గర్నుంచి అందరూ చెప్పారు. లేత ఎండ హాయిగా ఉంటుంది, కానీ ఏటవాలుగా వచ్చే ఆ ఎండలో మనకి కావలసిన కిరణాలు గాలిలోనే చాలావరకు వడగట్టుకుపోతాయి. తిరుపతి స్విమ్స్ వైద్యుల పరిశోధనలో పదకొండు నుంచి రెండు మధ్యే డి బాగా తయారవుతుందని తేలింది. గడియారం చూడక్కర్లేకుండా డాక్టరు గారు ఒక గుర్తు చెప్పారు: మీ నీడ మీకన్నా పొట్టిగా ఉండాలి.

ఇది విని తమ్ముడు డిసెంబరులో మిట్టమధ్యాహ్నం వాళ్ళ పార్కింగ్‌లో నిలబడి ఫోటో తీసి పంపాడు. మంచు మీద వాడి నీడ మనిషికి నాలుగింతలు సాగి ఆ చివర ఆపిన కారు దాకా పాకింది. అదే నెలలో మా డాబా మీద నా నీడ నాకన్నా కాస్త పొట్టే. మాది 16 డిగ్రీల అక్షాంశం, వాళ్ళది 53. ఎడ్మంటన్‌లో అక్టోబరు నుంచి మార్చి దాకా చర్మంలో డి తయారవదని 1988లోనే పరిశోధకులు చూపించారు. చొక్కా విప్పి నిలబడ్డా లాభం లేదు, చలి తప్ప. పైగా మన రంగు చర్మానికి ఆ ఎండ మరికాస్త సేపు కావాలి. చలికాలం ఎండ పనికిరాదు కాబట్టే కెనడాలో పాలలో డి కలపాలని చట్టం పెట్టారు. బ్రిటన్‌లో శరత్కాలం, చలికాలం రోజుకి 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు వేసుకోమని ప్రభుత్వమే చెబుతుంది. వాడికి ఆ మాత్ర తప్పదు. నాకు తప్పించుకునే దారి ఉంది, డాబా ఎక్కితే చాలు.

ఎక్కడమే కష్టం. మిట్టమధ్యాహ్నం ఆడది డాబా మీద తిరిగితే మా వీధిలో వింతే. సెలవు రోజుల్లో వడియాలు, చింతపండు ఎండబెట్టే పని నేనే పుచ్చుకున్నాను. మోచేతుల దాకా చేతులకి, పిక్కలకి ఎండ తగిలేలా ఇరవై నిమిషాలో అరగంటో ఉండేదాన్ని. కార్తీకం నుంచి శివరాత్రి దాకా బాగా కుదిరింది. రోహిణి కార్తెలో ఆ పప్పులు ఉడకవు, పది నిమిషాలకే దిగిపోవాలి.

తిండితో అయ్యేది కొంచెమే. గుడ్డు సొనలో సుమారు 40 యూనిట్లు ఉంటాయి. కవళ్ళు, కానాగంతలు లాంటి నూనె చేపలు నయం, నర్సాపురం మార్కెట్లో చవకే. పులస తింటే రాదా అని అడిగారు మా ఆయన. ఆ డబ్బుతో ఏడాదికి సరిపడా సాచెట్లు వస్తాయని చెప్పాను. ప్యాకెట్ పాలు కొనేవాళ్ళు నీలం రంగు ప్లస్ ఎఫ్ (+F) గుర్తు చూసి కొనండి, 2018 నిబంధనల ప్రకారం వాటిలో ఎ, డి కలుపుతారు. మాకు గేదె పాలు పోయించుకునే అలవాటు, ఆ అదృష్టం లేదు.

మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష చేయిస్తే 34 వచ్చింది. తొడల నొప్పి పోయింది, పీట మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేస్తున్నాను. కుడి మోకాలి నొప్పి మాత్రం అలాగే ఉంది. అది అరుగుదల, దానికీ డి కీ సంబంధం లేదన్నారు. నీరసం సగం తగ్గింది, మిగతా సగం ఉద్యోగానిది.

ఇప్పుడు మా అత్తయ్యగారు తనకీ పరీక్ష చేయించమని పట్టుబట్టారు. ఆవిడకి 78. డాక్టరు గారు అక్కర్లేదన్నారు. 2024లో వచ్చిన అమెరికాలోని హార్మోన్ వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఊరికే ఈ పరీక్ష చేయించక్కర్లేదట, 75 దాటినవాళ్ళకి పరీక్ష లేకుండానే చిన్న మోతాదు ఇవ్వచ్చట. రోజూ వేసుకునే మాత్ర రాసిచ్చారు. ఆవిడ వేసుకుంటున్నారు కానీ అలక తీరలేదు. కోడలికి వెయ్యి రూపాయల పరీక్ష, అత్తకి ఉత్త మాత్రా అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు.