పాలు చాలుతున్నాయా?

మా పాపకు మొన్నటి శుక్రవారంతో అయిదు నెలలు నిండాయి. ఈ అయిదు నెలల్లో చూడటానికి వచ్చినవారు, ఫోన్ చేసినవారు, లిఫ్టులో ఎదురుపడినవారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న దాదాపు ఒక్కటే: "పాలు చాలుతున్నాయా?" అడిగినవారిలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. బిడ్డ కడుపు నిండాలన్న ఆరాటమే ఆ మాటలో ఉంది. అయినా ఆ ఒక్క ప్రశ్న నా పురిటి రోజులన్నింటినీ ఆక్రమించింది. పాప ముఖం చూసి మురిసిపోవలసిన సమయంలో నేను ఆమె ఎన్ని నిమిషాలు తాగిందో లెక్కపెడుతూ కూర్చున్నాను. కొత్తగా బాలింతలైనవారు ఎవరైనా చదువుతారన్న ఆశతో ఆ సంగతులను ఉన్నవి ఉన్నట్టుగా రాస్తున్నాను.

సెప్టెంబరు చివరి వారంలో విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిజేరియన్ ద్వారా పాప పుట్టింది. బరువు 2.8 కిలోలు. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వెన్నుకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది కనుక, సిజేరియన్ అయినవారికి కూడా అది సాధ్యమే. నాకు మాత్రం పాపను చేతికి ఇచ్చేసరికి అయిదు గంటలు దాటింది. అప్పటికే ఆమెకు ఒక విడత డబ్బాపాలు పట్టారు. రెండో రోజున నాకు వచ్చిన నాలుగు చుక్కల ముర్రుపాలను చూసి, "ఇవి ఏం చాలుతాయమ్మా, డబ్బా తెప్పించుకోండి" అని అక్కడి సిబ్బందిలో ఒకరు తేలికగా అనేసి వెళ్లిపోయారు. మొదటి రోజున పసిబిడ్డ కడుపు ఒక విడతకు చెంచాడు పాలకు మించి పట్టదని, ముర్రుపాలు చిక్కగా, పసుపుపచ్చగా, కొద్దిగా రావడమే సహజమని, అసలు పాలు పడటానికి మూడు నాలుగు రోజులు పడుతుందని, ఆపరేషన్ అయినవారికి ఇంకొక రోజు ఆలస్యం కావచ్చునని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. డబ్బాపాల ప్రకటనలను, తల్లులకు ఉచితంగా నమూనాలు ఇవ్వడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. తల్లిపాలే శ్రేష్ఠమని ప్రతి డబ్బా మీద ముద్రించాలని కూడా ఆ చట్టమే చెబుతుంది. మావారు కొని తెచ్చిన డబ్బా మీద ఆ మాటను నేను ఆ రాత్రి పదేపదే చదువుకున్నాను. డబ్బాపాలు పట్టే తల్లులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నిజంగా అవసరమైనప్పుడు అవి బిడ్డ ప్రాణం నిలుపుతాయి. కాని అవసరం ఉందో లేదో చూడకుండానే, ఇంకా పాలు పడని తల్లితో నీ పాలు చాలవని చెప్పడం అన్యాయమని ఇప్పటికీ అనుకుంటాను.

నాలుగో రోజుకు పాప బరువు 2.55 కిలోలకు దిగింది. కళ్లు, తరువాత ఒళ్లు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం 17 దాటిందని చెప్పి పాపను నీలి వెలుగు కింద పడుకోబెట్టారు. కళ్లకు గంతలతో, ఒంటి మీద డైపరు తప్ప మరేమీ లేకుండా పడుకున్న ఆ పిల్లను అద్దంలోంచి చూస్తూ నిలబడినప్పుడు కుట్ల నొప్పి కూడా నాకు తెలియలేదు. అప్పుడే పుట్టిన పిల్లల్లో ఎర్ర రక్తకణాలు ఎక్కువగా విరిగిపోతాయి. వాటి నుంచి పుట్టే ఈ పసుపు పదార్థాన్ని బయటికి పంపే బలం కాలేయానికి ఇంకా చాలినంతగా ఉండదు. నీలి వెలుగు ఆ పదార్థాన్ని ఒంట్లోంచి సులువుగా బయటికి పోయే రూపంలోకి మారుస్తుంది. పాప పాలు బాగా తాగి, విరేచనం బాగా అయితే ఆ పచ్చదనం ఇంకా త్వరగా తగ్గుతుంది. డాక్టరుగారు ఇదంతా ఓపికగా వివరించారు కాని, నా చెవికి చివరి మాట ఒక్కటే ఎక్కింది: పాలు బాగా తాగితే. అంటే తప్పు నాదే అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

పొద్దుటి ఎండలో కాసేపు పెడితే పచ్చకామెర్లు పోతాయని అమ్మమ్మ అంటే, ఎండ వెలుగు చాలదని, లేత చర్మానికి అది మంచిది కూడా కాదని డాక్టరుగారు వద్దన్నారు. అయితే ఈ నీలి వెలుగు వైద్యం పుట్టిందే ఎండలోంచి అని తరువాత చదివి ఆశ్చర్యపోయాను. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అనే నర్సు పసిపిల్లలను తోటలోకి తీసుకువెళ్లి ఎండ చూపించేవారట. ఒక బిడ్డకు దుప్పటి కప్పి ఉన్న చోట మాత్రమే పచ్చదనం మిగిలి, ఎండ తగిలిన చోట తగ్గిపోవడాన్ని ఆమె గమనించారు. అమ్మమ్మకు ఈ కథ చెబితే, "చూశావా, నేను అన్నది ఒట్టి మాట కాదు" అని ఎంతో సంతోషించింది.

ఒకటిన్నర రోజు వెలుగు కింద ఉంచిన తరువాత ఇంటికి పంపారు. మా పుట్టిల్లు పాతనగరంలో, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి దగ్గరలో ఉంది. ఆ ఇంట్లో పథ్యం మొదలైంది: పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, బీరకాయ కూర, శొంఠి, పొద్దున్నే తాటిబెల్లంతో చేసిన కాయం ఉండ. చెవుల్లో దూది, తలకు గుడ్డ, స్నానమయ్యాక సాంబ్రాణి పొగ. అత్తయ్యగారు అనకాపల్లి బెల్లంతో సున్నుండలు చేసి పంపారు. నా ఆకలి సంగతి ఎవరూ మరచిపోలేదు. కొన్ని రోజులు గడిచాక అమ్మమ్మ తెల్లవారుజామునే మనిషిని ఫిషింగ్ హార్బరుకు పంపి పాలసొర చేపను తెప్పించింది. దాన్ని ఉడకబెట్టి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి, అల్లం వేసి పుట్టు చేసి ఎదురుగా కూర్చుని తినిపించింది. బాలింతకు పాలు పడాలంటే సొరపుట్టును మించినది లేదని మా వైపు పెద్దల గట్టి నమ్మకం. నాకు పాలు దానివల్లనే పెరిగాయని అనలేను కాని, అంత శ్రద్ధగా వండిపెట్టే మనిషి ఇంట్లో ఉండటం సగం బలం.

అమ్మమ్మతో పేచీ వచ్చింది వేరే విషయాల్లో. పాప నాలుకకు తేనె రాయాలన్నది, వస అరగదీసి పోయాలన్నది, ఉగ్గు పట్టాలన్నది. ఏడాది నిండని పిల్లలకు తేనె ప్రమాదకరం. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఈ మాటలు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. చివరికి అమ్మ మధ్యలో నిలబడి, నలుగు, నూనె, దిష్టి అన్నీ అమ్మమ్మ ఇష్టప్రకారమే జరుగుతాయని, పాప నోట్లోకి వెళ్లేది మాత్రం డాక్టరు మాట ప్రకారమేనని తేల్చింది.

నన్ను నిలబెట్టినది మా వీధిలోనే ఉండే ఒక పిన్నిగారు. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. చనుమొనలు పగిలి, పాప నోరు తగిలితేనే నేను పళ్లు బిగించే స్థితిలో ఆవిడ వచ్చి, పక్కన కూర్చుని ఒక విడత పూర్తిగా చూశారు. "పాప మీదకి నువ్వు వంగకు తల్లీ, పాపను నీ దగ్గరికి తెచ్చుకో" అని, నా వెనుక రెండు దిండ్లు పెట్టి, పాప పొట్ట నా పొట్టకు ఆనేలా తిప్పారు. చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలామేరకు నోట్లోకి వెళ్లేలా, పాప గడ్డం రొమ్ముకు ఆనేలా పట్టించారు. నొప్పి అప్పటికప్పుడే సగానికి తగ్గింది. "గడియారం చూడకు, తడిగుడ్డలు లెక్కపెట్టు" అన్నది ఆవిడ చెప్పిన రెండో మాట. అయిదో రోజు దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లు, అంతకుమించి పాస్ పోస్తూ, రోజుకు సుమారు 25 గ్రాముల చొప్పున బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. తాగిన బిడ్డ మళ్లీ ఏడ్చిందనో, రొమ్ము మెత్తబడిందనో పాలు లేవని అనుకోకూడదు. పదమూడో రోజున పాప తిరిగి 2.8 కిలోలు తూగింది.

అంతటితో గట్టెక్కాననుకున్నాను. నాలుగో వారం నుంచి సాయంత్రాలు మొదలయ్యాయి. ఆరు గంటలకు మొదలుపెట్టి పదింటి దాకా పాప ఏడ్చేది, తాగేది, వదిలేసేది, మళ్లీ ఏడ్చేది. పసిపిల్లల ఏడుపు ఆరో వారం దగ్గర తారస్థాయికి చేరి తరువాత తగ్గుతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పక్కింటివారి నుంచి కూడా "పాలు చాలడం లేదేమో" అన్న మాటే వినిపించేది. రాత్రి మూడు గంటలకు డాబా మీదికి వెళ్లి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు తిరగడాన్ని చూస్తూ, ఈ పిల్ల మరొక తల్లికి పుట్టి ఉంటే సుఖపడేదని అనుకున్న రాత్రులు ఉన్నాయి. ఈ మాటను మావారితో చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది. ఆయన మరునాడే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. అక్కడ పది ప్రశ్నలున్న ఒక కాగితం ఇచ్చారు. ప్రసవం తరువాత వచ్చే దిగులును గుర్తించడానికి ఎడిన్‌బరో పేరుతో 1987 నుంచి వాడుకలో ఉన్న పట్టిక అది. ప్రసవమైన మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. అది దాటినా దిగులు వీడకపోతే దానికి చికిత్స ఉంది, అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లలేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నా విషయంలో కొన్ని వారాల కౌన్సెలింగ్, రాత్రిపూట నాలుగు గంటల ఎడతెగని నిద్ర పనిచేశాయి. తొమ్మిదింటి విడత అయ్యాక పాపను ఎత్తుకుని తిప్పడం మావారి పని అయింది.

మన భాషలో చేపు అనే మంచి మాట ఉంది. రొమ్ములో పాలు ఉండటం వేరు, అవి చేపుకు రావడం వేరు. బిడ్డ తాగుతున్నప్పుడు, ఒక్కోసారి బిడ్డను తలుచుకున్నా, ఏడుపు విన్నా ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలను ముందుకు నెడుతుంది. నొప్పి, భయం, దిగులు దాన్ని అడ్డగిస్తాయి. మనసు బాగుండకపోతే పాలు చేపుకు రావని పాత తరం ఆడవాళ్లు అనే మాటకు అర్థం ఇదే. అందుకే నీ పాలు చాలవని ఒక తల్లితో అనడం ఆమె పాలను అడ్డుకోవడమే అవుతుంది.

చేపు అంటే ఏమిటో నాకు ఒంటికి తెలిసినది గుడిలో. కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి పైకప్పు ఉండదు. భక్తులే స్వయంగా పూజ చేసుకుంటారు. మా ఊళ్లో పసిబిడ్డలను తెచ్చి ఆ తల్లి పాదాల దగ్గర పడుకోబెట్టడం ఆనవాయితీ. మార్గశిరం వస్తే గురువారాల్లో కాలు పెట్టడానికి చోటు దొరకదని, కార్తీకంలోనే ఒక మంగళవారం తెల్లవారుజామున పాపను తీసుకువెళ్లాం. ఏడు వారాల పిల్ల. పసుపు, కుంకుమల మధ్య చల్లటి రాతి మీద ఆనించగానే ఉలిక్కిపడి గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపుతో పాటే నా రొమ్ములు బిగిసి, జివ్వుమని, రెండు వైపులా జాకెట్టు తడిసిపోయింది. పవిట సర్దుకుంటూ అమ్మ వైపు చూస్తే అమ్మ కళ్లు కూడా తడిగా ఉన్నాయి.

ఆ తరువాతి రోజులు వేగంగా గడిచాయి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు వేయించాం. ప్రతిసారీ బరువు చూశారు. మొదట 3.6, తరువాత 4.4, ఆపైన 5.1 కిలోలు. పాప మనుషులను చూసి నవ్వడం, మెడ నిలపడం, నా గొంతు విని కాళ్లు ఆడించడం ఎప్పుడు మొదలయ్యాయో తారీఖులు రాసుకున్నాను. లెక్క రాసుకోవడానికి తడిగుడ్డల కంటే ఇవి బాగున్నాయి. నేను పనిచేసే బ్యాంకులో 26 వారాల సెలవు మార్చి నెలాఖరుతో ముగుస్తుంది. అందుకని పాలు పిండి ఫ్రిజ్‌లో దాచడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నాను.

ఆడపిల్లకు బేసి నెలలో, అంటే అయిదో నెలలో అన్నప్రాసన చేయడం మా ఇంటి ఆచారం. డాక్టరుగారు ఆరు నిండనివ్వమన్నారు. మొన్న ఆదివారం పంచాంగం చేతిలో పట్టుకుని కూర్చున్న అమ్మమ్మకు ఆ సంగతి ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే, ఒళ్లో ఆడుతున్న పాప తొడల మడతలను వేలితో నొక్కి చూసి, పంచాంగం మూసి పక్కన పెట్టింది. "ఏడో నెలలో పెడదాంలేవే. పాలు చాలుతున్నాయి కదా, తొందరేముంది?" అంది.