ఉసిళ్ల సీజన్ అప్డేట్: పట్టడం, వేయించడం, ఇంట్లోవాళ్లతో తంటా

ఉసిళ్లు (వానకి లేచే రెక్కల చెదపురుగులు) పట్టి వేయించుకు తినడం పోయినేడు ఊరికే చూద్దామని మొదలెట్టా, ఈ ఏడు కాస్త పద్ధతిలో పడింది, అందుకే రాసి పెడుతున్నా. తొలకరికి గట్టి వాన పడి వెలిసి, సాయంత్రం గాలి లేకుండా ఉక్కపోస్తుంటే రెడీగా ఉండాలి. పుట్టల్లోంచి లేచినవి లైటు కనబడితే చాలు గుంపులుగా వచ్చి పడతాయి, కానీ ఎక్కువసేపు ఉండవు.

టబ్బులో నీళ్లు పోసి పైన బల్బు కట్టే పద్ధతి అందరికీ తెలిసిందే, పనిచేస్తుంది గానీ రెక్కలు తడిసి అంటుకుపోయి చెరగడానికి రావు. ఇప్పుడు లోతైన స్టీలు బేసిన్ పొడిగానే పెడుతున్నా, ఇంట్లో మిగతా లైట్లన్నీ ఆపేసి దానిమీద ఒక్క బల్బే, రెక్కలు రాలిపోయాక నున్నటి గోడ ఎక్కలేవు కాబట్టి అందులోనే ఉంటాయి. పురుగుమందు కొట్టిన చేను పక్కన, చెదల మందు వేయించిన ఇళ్ల దగ్గర మాత్రం పట్టొద్దు, ఉచితంగా వచ్చినా వద్దు.

వేయించేటప్పుడు నూనె అక్కర్లేదు, వాటి కొవ్వే సరిపోతుంది. మందపాటి మూకుట్లో సన్నసెగ మీద కదుపుతూ ఉండి, దించి చేటలో చెరిగితే రెక్కలు ఎగిరిపోతాయి (ఇది బయట చేయండి, లేకపోతే తర్వాత ఇల్లు ఊడ్చేది మీరే). మళ్లీ కరకరలాడేదాకా వేయించి ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి వేసి బొరుగుల్లో కలపడమే. రుచి వేయించిన శెనక్కాయ విత్తనాలకు దగ్గరగా ఉంటుంది. కొవ్వు ఎక్కువ కదా, నిలవుంటే ముక్క వాసన వస్తుంది, కాబట్టి త్వరగా తినేయాలి.

ఇక మనుషుల సంగతి. మా అవ్వకి ఇది అసలు టాపిక్కే కాదు, "కారం తక్కువైంది నాయనా" అంది అంతే. మా ఆవిడకి కాళ్లు కనబడటమే ప్రాబ్లం, అందుకని చెప్పే, ఆమె ముందే మిక్సీలో వేసి శెనక్కాయ పొడిలో కలిపా, అన్నంలో రెండు ముద్దలు తినింది, మూడోది పెట్టించుకోలేదు. చెప్పకుండా కలిపి పెట్టి తర్వాత నవ్వడం నాకు నచ్చదు. చిన్నాయనది ఇంకో రకం, చిన్నప్పుడు ఇష్టంగా తిన్నాడంట, ఇప్పుడేమో "బయట చెప్పుకోవాకు, తిండిలేనోళ్లు అనుకుంటారు" అంటాడు. ఒడిశాలో మయూర్‌భంజ్ ఎర్రచీమల చట్నీకి 2024లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని ఫోన్లో చూపిస్తే "వాళ్లది వాళ్లది, మనది మనది" అని లేచిపోయాడు. అసహ్యమైతే పొడి చేసి సర్దొచ్చు, ఈ నామోషీకి మాత్రం నా దగ్గర మందు లేదు.

అందరికన్నా ముందు చెయ్యి చాపింది ఒక ఫ్రెండు, కానీ వాడికి రొయ్యలు పడవు, నేనే ఆపేశా. రొయ్యల్లో ఎలర్జీ తెప్పించే ప్రోటీన్ లాంటిదే పురుగుల్లోనూ ఉంటుంది, కాబట్టి అలాంటివాళ్లు ఒక్కటి కూడా రుచి చూడొద్దు. వాడికి ఉత్త బొరుగులు పెట్టా, అది కూడా వేరే గిన్నెలో.

ఇంకో మంచి వాన పడితే ఈసారి కారం బదులు మిరియాలతో చేసి చూడాలి.