మెడ మీది నలుపు

మా ఇంట్లో నా మెడ మీద జరిగినన్ని ప్రయోగాలు దేని మీదా జరగలేదు. ఇంటర్ చదివే రోజుల్లో మెడ చుట్టూ నల్లగా, ముట్టుకుంటే గరుకుగా ఒక పట్టీ ఏర్పడింది. అమ్మ దాన్ని మట్టి అనుకుంది. శనగపిండి, పెరుగు, నిమ్మచెక్క, చివరికి కొబ్బరి పీచు. ఆదివారం తలంటు అంటేనే నాకు హడలు. తోమిన కొద్దీ మండేది తప్ప నలుపు కదిలేది కాదు. "ఒళ్లు శుభ్రంగా ఉంచుకోవడం కూడా రాదు దీనికి" అనేది మేనత్త.

అప్పటికే నేను బాగా ఒళ్లు చేశాను. నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చేది. గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి. ఇవన్నీ ఒకే తీగకు కాసినవని ఎవరికీ తట్టలేదు. మెడకు నలుగు, గడ్డానికి దారం, నెలసరికి "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్న భరోసా, బరువుకు చివాట్లు. మిగతావాటికి కాస్త జాలైనా దక్కేది. బరువు మాత్రం నా తిండిపోతుతనం కింద జమ.

సంబంధాలు చూడటం మొదలయ్యాక అన్నం మానేశాను. పగలంతా మజ్జిగ, కీరదోస. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి, దీపం కూడా వేయకుండా, చేతికి అందింది తినడం. తగ్గిన కిలోలు వడ్డీతో సహా తిరిగి వచ్చేవి. జుట్టు రాలిపోయింది. పాఠం చెబుతూ చెబుతూ ఒకరోజు కళ్లు తిరిగి పడిపోయాను.

అలా రాజమండ్రిలో ఒక ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి చేరాను. ఆవిడ నన్ను బరువు చూసుకోమనకముందే నా చున్నీ పక్కకు జరిపి మెడ చూశారు. "ఇది మురికి కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం ఇలా మందమై నల్లబడుతుంది" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ మాత్రం "అయితే శనగపిండి రాయక్కర్లేదా?" అని అడిగింది.

పరీక్షల్లో పీసీఓఎస్ అని తేలింది, అంటే హార్మోన్లు అదుపు తప్పి అండాశయాల పని గాడి తప్పడం. రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. అది 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహం గుమ్మంలో నిలబడినట్టే. అండాశయాల్లో నీటి బుడగలు, గడ్డలు అని అందరూ భయపెట్టేవి నిజానికి గడ్డలు కావట. ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినకపోతే శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోన్లను మోతాదుకు మించి తయారు చేయిస్తుంది. వెంట్రుకలు, నెలసరి తప్పడం అక్కడి నుంచే. షికాగోలో స్టీన్, లెవెంథాల్ అనే వైద్యులు ఈ లక్షణాలను కలిపి చూసి రాసింది 1935లో. మా వీధికి ఆ కబురు ఇంకా చేరలేదు.

ఇన్సులిన్ మాట కణాలు వినేలా చేసే మెట్‌ఫార్మిన్ మాత్ర మొదలుపెట్టాక కొన్నాళ్లు కడుపు పెట్టిన బాధ చెప్పనక్కర్లేదు. అన్నం మానవద్దని, సగం చేసి పప్పూ కూరా పెంచమని, పస్తులు కట్టిపెట్టమని చెప్పారు. సాయంత్రాలు గోదావరి గట్టు మీద నడక. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి గాడిన పడే అవకాశం ఉందన్నారు. 84 కిలోల మనిషికి అంటే నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. "సన్నబడాలి" అనే అంతులేని మాట కన్నా ఈ లెక్క ఎంతో నయం.

నన్ను నేను ప్రేమించుకోవాలంటే అద్దం ముందు నిలబడి మంచి మాటలు చెప్పుకోవాలని ఎక్కడో చదివాను. నా వల్ల కాలేదు, నవ్వొచ్చింది. జాకెట్ల దగ్గర మాత్రం పని జరిగింది. పెరిగినప్పుడు విప్పుకోవడానికి పక్క కుట్ల లోపల గుడ్డ వదులుతారు కదా, నావాటిలో అది ఎప్పుడో అయిపోయింది. చంకల కింద కుట్ల అచ్చులు ఎర్రగా పడేవి. బీరువా పై అరలో "తగ్గాక" వేసుకునేవి మరో కట్ట. వాటిని చెల్లికి ఇచ్చేసి కొత్త కొలతలు ఇవ్వడానికి వెళ్లాను. టేపు చుట్టగానే అలవాటుగా ఊపిరి బిగబట్టాను. "వదులమ్మా, తర్వాత బిగుతుగా ఉందని నన్నే అంటావు" అంది కుట్టే ఆవిడ. వదిలాను. వచ్చిన అంకె ఆవిడ పుస్తకంలో రాసుకుంది, అంతే. ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు 76 కిలోలు. నెలసరి దాదాపు నెలనెలా వస్తోంది. హెచ్‌బీఏ1సీ 5.6కి దిగింది. 160 సెంటీమీటర్ల ఎత్తుకు నా బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఇంకా 29 పైనే. మన దేశంలో 25 నుంచే ఊబకాయం అంటారు కాబట్టి నేను ఇంకా ఆ జాబితాలోనే ఉన్నాను. డాక్టరుగారు దాచలేదు, నేనూ దాచుకోవడం లేదు. పెళ్లిళ్ల పేరయ్యకు ఇన్నాళ్లూ భుజాల వరకే ఉన్న ఫొటో ఇచ్చేవాళ్లం. ఈసారి నిలువెత్తుది పంపించాను. ఆయన నుంచి ఇంకా కబురు లేదు.

ఈలోగా మామిడిపళ్లు వచ్చాయి. తినవచ్చా అని అడిగితే, ఆ పూట అన్నం తగ్గించి సగం పండు తినమన్నారు డాక్టరుగారు. బంగినపల్లి అయితే సగానికి కోయవచ్చు. రసాన్ని సగం తినడం ఎలాగో ఆవిడ చెప్పలేదు.