సుడిగాలిని వెతుక్కుంటూ మేడికొండూరు దాకా

ఏప్రిల్ నెలాఖరున, భరణి కార్తె అప్పుడే ప్రవేశించిన రోజుల్లో, ఎండ నడినెత్తిన ఉన్న వేళ నేనూ మా బావమరిదీ విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కారెక్కి గుంటూరు దారి పట్టాము. అమెరికా మైదానాల్లో టోర్నడోల, అంటే మేఘం నుంచి నేల దాకా దిగే భీకర సుడిగాలుల, వెంట కార్లలో తిరిగేవారిని ఏళ్ల తరబడి వీడియోల్లో చూడగా చూడగా పట్టిన పిచ్చి ఇది. మనకు టోర్నడో కనబడే అవకాశం లేనట్టేనని నాకు తెలుసు. బావమరిదికి మాత్రం ఆ సంగతి పూర్తిగా చెప్పలేదు.

లేనట్టేనని ఎందుకంటున్నానంటే, ఉరుముల వానకు కావలసిన దినుసులన్నీ మన దగ్గర ఉన్నా, దాన్ని గిరగిర తిప్పే చేయి మాత్రం తక్కువ. అమెరికాలో మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే తేమగాలి, పడమటి ఎత్తు ప్రాంతాల నుంచి దిగే పొడిగాలి కలిసేచోట, పైన మరో దిక్కుగా బలమైన గాలి వీస్తుంది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి దిక్కూ వేగమూ మారడంతో నేలకు అడ్డంగా దొర్లే గాలిని, మేఘంలోకి ఎగదన్నే వేడిగాలి నిలువుగా లేపి నిలబెడుతుంది. ఇక్కడ బంగాళాఖాతం తేమ పంపుతుంది, తెలంగాణ వైపు నుంచి వేడిగాలి వస్తుంది, కానీ పదహారో అక్షాంశం దగ్గర ఈ రోజుల్లో పైగాలికి అంత ఊపు ఉండదు. ఇంకా ఉత్తరానికి పోతే కథ వేరు: 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లో ఒక్క టోర్నడో సుమారు 1,300 మందిని బలిగొంది.

మంగళగిరి దాటాక ఫోనులో మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రం తెరిస్తే, పిడుగురాళ్ల పైన ఎర్రటి మచ్చ, అంటే జోరువాన మబ్బు, ఒకటి ఆగ్నేయంగా కదులుతూ కనబడింది. పేరులోనే పిడుగున్న ఊరు మీద మబ్బు పుట్టడం మాకు శుభశకునంగా తోచింది. గుంటూరు ట్రాఫిక్‌లో ముప్పావు గంట పోయింది. పేరేచర్ల కూడలిలో సత్తెనపల్లి రోడ్డుకు తిరిగి, మేడికొండూరు దాటాక, పొలాల మధ్య దృష్టికి అడ్డంలేని చోట కారాపి, దాని ముఖం వచ్చిన దారికే తిప్పి ఉంచాము. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర 4.2 కిలోమీటర్ల వెడల్పైన టోర్నడో అనుకోకుండా దారి మార్చి, ఆరితేరిన పరిశోధకులు ముగ్గురిని కారుతో సహా పొట్టన పెట్టుకుంది. అందుకే మబ్బు మీదికొస్తే పేరేచర్లకు వెనుదిరిగి, ఫిరంగిపురం వైపు పక్కకు తప్పుకోవాలని ముందే అనుకున్నాము.

నాలుగు గంటలకు వాయవ్యాన క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం కమ్మరి దాగలిలా తల విప్పింది. అప్పటిదాకా వీస్తున్న పైరగాలి ఆగిపోయింది. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెడితే పన్నెండు సెకన్లు, అంటే నాలుగు కిలోమీటర్లు. అంతలో మేఘం అడుగు అంచు నుంచి తొండంలాంటి తునక ఒకటి నేలకేసి దిగసాగింది. "బావా, అదే!" అని బావమరిది అరిచాడు. నా గుండె కూడా దడదడలాడిన మాట నిజమే. కానీ దానిలో తిరుగుడు లేదు. వాన కింద నుంచి ముందుకు తన్నుకొచ్చే చల్లగాలి పైకి లేపిన చిరుగు మబ్బు అది. రెండు నిమిషాల్లో పీలికలై పోయింది.

ఆ చల్లగాలే మా దాకా వచ్చింది. తడిమట్టి వాసన, వెంటనే కళ్లలో దుమ్ము. రోడ్డు పక్క కల్లంలో ఎర్రగా పరిచిన మిరపకాయలను నలుగురు మనుషులు పలుగొర్రులతో కుప్పకు లాగుతున్నారు. అప్పటికే నింపిన టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఒక పక్కన ఉన్నాయి. పట్ట ఒక కొస గాలికి లేచి టపటపా కొట్టుకుంటుంటే, పెద్దాయన మావైపు తిరిగి, "ఊరికే చూస్తన్నారేందయ్యా, ఆ కొస పట్టండి" అన్నాడు. తడిస్తే కాయ రంగుపోయి తాలవుతుంది, తాలుకాయకు మిర్చి యార్డులో ధర తెగ్గోస్తారు. ఫోనులో పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఎర్రబడి ఉంది. ఉరుము వినబడితే ఆరుబయట ఉండకూడదని నలుగురికీ చెప్పే మనిషిని నేనే. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయన్న లెక్క కూడా గుర్తుంది. అయినా ఆ కొస పట్టుకున్నాను. అంచుల మీద రాళ్లు పెడుతుండగానే శనగగింజంత వడగళ్లు పట్ట మీద చిటపటలాడాయి.

తర్వాత అందరం మా కార్లోనూ వాళ్ల ట్రాలీ ఆటోలోనూ ఇరుక్కున్నాము. ఎందుకొచ్చారని పెద్దాయన అడిగితే, మబ్బు చూడటానికని చెప్పాల్సి వచ్చింది. ఆయన నవ్వలేదు. "దానికోసం బెజవాడ నుంచి ఇంత దూరమెందుకయ్యా? ఇంకో గంటాగితే అదే మీ ఊరొచ్చిద్ది" అన్నాడు.

వాన అరగంటలో వెలిసింది. కుప్ప అడుగున ఒక పక్క జానెడు మేర తడిసింది, మిగతాది దక్కింది. తిరుగు ప్రయాణంలో గుంటూరు దాటుతుండగా రాడార్ చూస్తే, ఆ మచ్చ కృష్ణ మీదుగా విజయవాడకు చేరి ఉంది. కాజ టోల్‌గేట్ దగ్గర బావమరిది ఫోను మోగింది, వాళ్ల అక్క. డాబా మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలన్నీ ముద్దయ్యాయట, ఇంట్లో మగవాళ్లు ఒక్కరైనా ఉంటే గదా అంటోంది. వాడు "బావతో మాట్లాడక్కా" అని ఫోను నా చేతిలో పెట్టాడు.