డిశ్చార్జి చీటీలో చివరి వరుస

టీబీ అని ఆసుపత్రిలో చేర్చారు. హెచ్‌ఐవీ సంగతి అక్కడి రక్తపరీక్షలో బయటపడింది. కౌన్సిలర్ అడిగి, నేను సరేనన్నాకే పరీక్ష చేశారు. అంతవరకు పద్ధతిగానే ఉంది. తర్వాత కేస్ షీటు మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసి మంచానికి తగిలించారు. పక్క మంచం వాళ్ల చుట్టాలు కూడా చదివారు. నా అనుమతి లేకుండా ఇలా బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు. మా అక్క వెళ్లి గట్టిగా అడిగితే గానీ దాన్ని లోపల పెట్టలేదు.

హెచ్‌ఐవీ మందు వెంటనే ఇవ్వకపోవడం నన్ను బాగా కంగారు పెట్టింది. ముందు టీబీ మందులు ఒంటికి పట్టాలని డాక్టరుగారు చెప్పారు. రెండూ ఒకేసారి మొదలుపెడితే, తేరుకుంటున్న రోగనిరోధక శక్తి టీబీ మీద విరుచుకుపడి జ్వరం, గడ్డల వాపు పెరగవచ్చట. టీబీ మెదడు పొరలకు సోకినవారికైతే ఇంకా ఎక్కువ ఆగుతారట.

అసలు చిక్కు ఇంటికి పంపేటప్పుడు వచ్చింది. చీటీలో చివరి వరుసన ‘ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లాలి’ అని మాత్రం రాశారు. ఏఆర్‌టీ అంటే హెచ్‌ఐవీ మందుల చికిత్స. ఆ కేంద్రం ఎక్కడుందో, ఏ కాగితాలు కావాలో లేదు. నాలుగు అడుగులకే ఆయాసపడే మనిషి అసలు వెళ్లకుండా ఊరుకోవడానికి అది చాలు. అక్క హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేసింది. ఆ కేంద్రం అదే ఆవరణలో, ఓపీ వెనుకే ఉందట! చక్రాల కుర్చీలో తీసుకెళ్లి, ఇంటికి బయల్దేరకముందే నా పేరు రాయించింది. రోగనిరోధక కణాలను లెక్కించే సీడీ4 పరీక్షకు రక్తమూ అప్పుడే ఇచ్చాను. మంచం ఖాళీ చేసేలోపే ఈ పని అయిపోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

తర్వాత టీఎల్‌డీ ఇచ్చారు: మూడు హెచ్‌ఐవీ మందులు కలిపిన మాత్ర, రోజుకొకటి, ఉచితం. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ అందులోని డోల్యుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కనుక, పన్నెండు గంటల తేడాతో 50 మిల్లీగ్రాముల డోల్యుటెగ్రావిర్ మాత్ర విడిగా వేసుకోమన్నారు. సీడీ4 తక్కువగా ఉన్నందుకు, వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమాక్సజోల్ కూడా ఇచ్చారు. డిశ్చార్జి చీటీలో గ్యాస్ సిరప్ ఉందని ఫార్మసిస్టే గమనించారు. డోల్యుటెగ్రావిర్‌ను దానికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలట. వార్డులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఆరో నెలలో చేసిన వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించలేదు. టీబీ కోర్సు ముగిశాక కూడా విడిగా ఇచ్చిన ఆ డోల్యుటెగ్రావిర్ మాత్రను ఇంకో రెండు వారాలు వేసుకోమన్నారు.